మహిళాలోకము: ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘమున స్త్రీలు

ఫుట్‌బాలు ఆటతో మనకేమి పని యని కొందఱు సోదరీమణు లనుకొనవచ్చును. ఈ మాసమున మనము ముచ్చటింపబోవునది ఆటను గూర్చి కాదు, ఆటను పాలించు సభను గూర్చి. ఊరి పాఠశాలాసంఘము కానిండు, దేశమునేలు శాసనసభ కానిండు, ఎవరిని గూర్చి నిర్ణయములు జరుగుచున్నవో వారక్కడ కూర్చుండి యుండనిచో నేమి జరుగునో తెలిసికొనుటకు ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు సంఘము చక్కని యుదాహరణము.

ఈ సంఘము 1863లో లండను నగరమున స్థాపింపబడినది. నేడు లోకమంతట నాడబడుచున్న ఫుట్‌బాలునకు నియమములు మొదట వ్రాసినది యీ సంఘమే. మొదటి ప్రపంచ యుద్ధకాలమున పురుషులు రణరంగమునకు పోగా, స్త్రీలు మందుగుండు కర్మాగారములలో పనికి కుదిరిరి. ప్రెస్టను పట్టణమున డిక్ కెర్ అను కర్మాగారములో పనిచేయు యువతులు ఒక జట్టుగా నేర్పడి, 1917 క్రిస్మసు నాడు ఆడి, గాయపడిన సైనికుల వైద్యశాలకు ధనము కూడబెట్టిరి. అది మొదలు వారి కీర్తి నానాటికి పెరిగినది. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలు నగరమందలి గుడిసన్ పార్కు మైదానమున వారు సెయింట్ హెలెన్సు జట్టుతో ఆడినపుడు చూడవచ్చినవారు సుమారు 53 వేలమంది. చోటు చాలక వెలుపలనే నిలిచిపోయినవారు మఱికొన్ని వేలమంది.

ఏడాది తిరుగకముందే, 1921 డిసెంబరు 5వ తేదీన, సంఘమువారు సభచేసి ఒక తీర్మానము గావించిరి. ఫుట్‌బాలు స్త్రీలకు తగిన యాట కాదనియు, ధర్మకార్యములకై వసూలైన సొమ్ములో ఎక్కువ భాగము ఖర్చుల క్రింద పోవుచున్నదనియు చెప్పి, తమకు లోబడిన జట్లేవియు తమ మైదానములను స్త్రీల కియ్యరాదని శాసించిరి. ఆ తీర్మానము చేసిన సభలో స్త్రీ యొక్కతెయైనను లేదు. లెక్కలలో లోపమున్నచో లెక్కలు సరిచేయింపవచ్చును. ఆటనే మాన్పించుట ఏమి న్యాయమని అడుగుటకు అక్కడ ఎవరున్నారు?

ఆ జట్టులో లిల్లీ పార్ అను బాలిక యుండెను. 1905లో సెయింట్ హెలెన్సున పుట్టిన యీమె పదునాలుగవ యేటనే ప్రసిద్ధి కెక్కెను. నిషేధము వచ్చునాటి కామె వయస్సు పదునాఱు. పెద్ద మైదానముల తలుపులు మూసికొనగా, దొరికిన స్థలముననే ఆడుచు, జీవనమునకు మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేయుచు, 1951 వఱకు ఆట విడువలేదు. నిషేధము పూర్తిగా తొలగినది 1971లో. ఆ శాసనమువలన కలిగిన నష్టమునకు సంఘము క్షమాపణము చెప్పినది 2008లో. అప్పటికి లిల్లీ పార్ కీర్తిశేషురాలై ముప్పదియేండ్లైనది. తల్లి యాడవలసిన యీడు గడచి, కూతురాడవలసిన యీడును గడచి, మనుమరాలి వంతు వచ్చునందాక ఆ తలుపులు మూసియుండినవి.

నిషేధము పోయినంతమాత్రమున పాలనలో స్థానము లభింపలేదు. స్త్రీల యాటను నిర్వహించు భారమును సంఘము 1993లో తానే వహించినను, పాలకమండలిలో ఒక స్త్రీ నియమింపబడుట 2011 సంవత్సరాంతమున గాని జరుగలేదు. జమైకాలో జన్మించిన హెదర్ రాబట్సు అను ఆమె ఆ స్త్రీ. తెల్లవారు కాని వారిలో ఆ మండలి కెక్కిన మొదటి వ్యక్తియు నామెయే. 2013లో జాతీయజట్టు బాగోగులు విచారించుటకై ఒక ఉపసంఘము నేర్పఱచి, అందు తెల్లవారైన పురుషులనే నింపగా, ఆమె మౌనము వహింపక బహిరంగముగా నాక్షేపించెను. పదిమందిలో ఒక్కతెయై యుండి ఎదురుపలుకుట యెంత కష్టమో, ఉమ్మడికుటుంబములలో మెలగిన మనకు వేఱుగ చెప్పనక్కరలేదు.

2016 డిసెంబరులో చిత్రమైన సంగతి జరిగినది. సంఘమునకు పూర్వము అధ్యక్షులుగను, ప్రధానోద్యోగులుగను ఉండిన యైదుగురు, ఈ సంఘము తన్ను తాను సంస్కరించుకొనజాలదు, మీరే శాసనము చేయవలెనని పార్లమెంటునకు లేఖ వ్రాసిరి. అప్పుడు మహాసభలో సభ్యులు 122 మంది. వారిలో స్త్రీలు 8 మంది; తెల్లవారు కానివారు నలుగురు; అఱువది యేండ్లు దాటినవారు తొంబదిమందికి పైగా నుండిరి. 2017 ఫిబ్రవరి 9వ తేదీన కామన్సు సభ ఆ సంఘముపై అవిశ్వాసము ప్రకటించినది. అంతకుముందే ప్రభుత్వము క్రీడాసంఘములకు ఒక నిబంధనావళిని విధించి, పాలకమండలులలో నూటికి ముప్పదిమంది స్త్రీలుండవలెననియు, నిబంధనలు పాటింపనివారు ప్రభుత్వధనమున కర్హులు కారనియు చెప్పియుండెను. ఆ సంవత్సరము మే మాసముననే సంఘము దిగివచ్చినది. పాలకమండలి పదిమందితో నుండుటకును, అందు ముగ్గురు స్త్రీలుండుటకును, మహాసభలో పదునొకండుగురు క్రొత్తవారిని చేర్చుకొనుటకును, పదవులకు కాలపరిమితి నుంచుటకును ఒప్పుకొనిరి. న్యాయముగా నడిగిన నాళ్లలో కదలని మనసు, నిధులు పోవునన్న భయమున కదలెను.

అయినను సంఖ్య మాఱినంతనే బుద్ధి మాఱదు. నైజీరియాలో పుట్టి ఇంగ్లండు పక్షమున 102 ఆటలాడిన ఎనియోలా అలూకో, శిక్షకుడు జాతిభేదము దోచు మాటలాడెనని మొఱపెట్టుకొనగా, మొదటి విచారణలలో తప్పేమియు లేదని తేల్చిరి. 2017 అక్టోబరులో స్వతంత్రురాలైన న్యాయవాది మఱల విచారించి, ఆమె చెప్పిన దానిలో నిజమున్నదని తేల్చిన పిమ్మట సంఘము క్షమాపణము చెప్పెను.

2020 నవంబరులో మఱొక వింత. సంఘాధ్యక్షుడే పార్లమెంటు ఉపసంఘము నెదుట మాటలాడుచు, నల్లజాతి యాటకాండ్రను గూర్చి చెల్లని పాతకాలపు మాట వాడెను. దక్షిణాసియావారి అభిరుచులు వేఱనుచు, తమ కార్యాలయమందలి కంప్యూటరు శాఖలో వారెక్కువగా నుండుటను నిదర్శనముగా చూపెను. ఆనాడే పదవి వీడవలసివచ్చెను. ఆ దేశమున కంప్యూటరు పనులలో నున్న మన తెలుగు కుటుంబములు కొల్లలు. ఆ యిండ్లలోని చిన్నపిల్ల బంతి చేతబట్టి మైదానమునకు పోయినచో, నీ యభిరుచి యిది కాదు పొమ్మని పెద్దలు ముందే నిర్ణయించుకొన్నట్లు కాదా? ఈ సంగతి మనకు దూరపుసంగతి కాదనుట కిదియే కారణము.

అంతకు రెండువారముల ముందే, 2020 అక్టోబరులో, సంఘము ఒక నియమావళిని ప్రకటించియుండెను. చేరిన జట్లవారు క్రొత్తగా నిచ్చు పై ఉద్యోగములలో నూటికి ముప్పది స్త్రీలకును, పదునైదు నల్లజాతివారికిని, ఆసియావారికిని, మిశ్రమసంతతివారికిని దక్కునట్లు చూడవలెనని దాని యాశయము. 2022 జనవరిలో డెబ్బీ హ్యూయిట్ అధ్యక్షపీఠ మధిష్ఠించెను. 1863 నుండి ఆ పీఠమున కూర్చున్న మొదటి స్త్రీ యామె. ఆ యేట జూలై 31వ తేదీన వెంబ్లీ మైదానమున 87,192 మంది చూచుచుండగా ఇంగ్లండు స్త్రీలు జర్మనీని 2–1 గా గెలిచి ఐరోపా విజేతలైరి. 2025లో బాజెలు నగరమున స్పెయినును గెలిచి మఱల విజేతలైరి. తగదని త్రోసిన యాటయే ఆ దేశమునకు కీర్తి తెచ్చినది.

అంతమాత్రమున పని ముగిసినదా? 2022 నాటి విజేతల జట్టులో 23 మంది యుండగా, తెల్లవారు కానివారు ముగ్గురే. శిక్షణాకేంద్రములు నగరమునకు దూరముగా నుండుట దీనికొక కారణమని ఆ దేశమున పలువురు చెప్పిరి. కారు లేని తల్లి, సాయంకాలము పనికి పోవలసిన తల్లి, కూతురి నక్కడికెట్లు కొనిపోగలదు? ఇట్టి ప్రశ్న పెద్ద భవనములలో కూర్చున్నవారికి తోచదు. ఆ కష్టము పడినవారు సభలో నున్ననే తోచును.

సోదరీమణులారా! సభలో ఒక స్త్రీని కూర్చుండబెట్టి, ఇక మాకు లోపము లేదని సంతసించువారు అన్నిచోట్ల నున్నారు. ఒక్క కుర్చీ చాలదు. ఏ యింటి బిడ్డలకొఱకు సభ యేర్పడినదో ఆ యిండ్లవారందఱి మాట యందు వినబడవలెను. మీ పిల్లల పాఠశాలలో క్రీడాసంఘ మేర్పడునపుడు అందెవరెవరున్నారో అడిగి తెలిసికొనుడు. తల్లులు లేకున్నచో మేమును వత్తుమని చెప్పుడు. బాలికలకు మైదానము ఏ వేళ ఇచ్చుచున్నారో విచారింపుడు. ఇవి చిన్న ప్రశ్నలే కాని, 1921లో ఆ సభలో వీనినడుగువారు లేనందువలననే ఏబదియేండ్లు గడచిపోయినవి.