ధర రాయడానికి సిగ్గెందుకు?

ఆవకాయ పెట్టి అమ్మే మన ఆడవాళ్ళు ఫేస్‌బుక్‌లో ఎంత బాగా రాస్తారో! కాయ ఏ తోటది, కారం ఏ ఊరిది, నూనె ఏ గానుగలో ఆడించారు, మూడో రోజు తిరగకలిపితే ఇల్లంతా ఎంత ఘుమఘుమలాడింది... చదువుతుంటేనే నోరూరుతుంది. అర కిలో ఎంతండీ అంటే మాత్రం "ఇన్‌బాక్స్‌లో చెప్తాను" అంటారు.

నాకిది నచ్చదు. కొట్టువాడు రేటు రాయడానికి సిగ్గుపడతాడా? ధర దాచిన చోటే "మనవాళ్ళమేగా, తగ్గించు" మొదలవుతుంది. కాయలు, నూనె, సీసా అన్నీ లెక్కేస్తాం. ముక్కలు తుడిచి, కారం కలిపి మండిపోయిన చేతులకి మాత్రం సున్నా. (ఇంట్లోవాళ్ళ దృష్టిలో మనం ఎలాగూ ఖాళీయేగా!) ఆ కమ్మని కబుర్ల కిందే బరువు, ధర, కొరియర్ ఖర్చు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు రాసేయండి. మన కూలి కూడా కలిపిన ధర సుమా!