అనుభవ పత్రం ఎవరి సొత్తు?



అయిదారు నెలల ఒప్పందపు కొలువులో చేరి, గడువు తీరకముందే బయటపడిన యువతీయువకులకు మన పెద్దలు తప్పక వినిపించే నీతివాక్యమొకటి ఉన్నది. "మధ్యలో వదిలేస్తే పేరు చెడుతుంది. రేపు నీ గురించి ఎవరూ ఒక మంచిమాట చెప్పరు" అని. పెళ్లిపందిళ్లలో, రైలుపెట్టెల్లో, ఉపాధ్యాయుల విశ్రాంతి గదుల్లో ఈ మాటను నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా తెలుగు పండితుడిగా బతికినవాణ్ణి కనుక, విన్న వాక్యానికి కర్త ఎవరా అని వెతకడం నాకు అలవాటు. వ్యాకరణరీత్యా ఇక్కడ కర్త 'పేరు'. చెడు ధాతువు అకర్మకం. కాని లోకంలో జరుగుతున్నది దాని ప్రేరణార్థకం, అనగా చెఱచుట. చెఱచేవాడొకడు ఉన్నాడు. వాణ్ణి వాక్యంలోంచి మెల్లగా తప్పించి, వాన రావడం, ఎండ కాయడం వంటి ప్రకృతి ధర్మంగా దీనిని చెప్పుకుంటున్నాం. నా అభ్యంతరమంతా అక్కడే.

విషయం తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో అధిక భాగం కొలువులు జూన్‌లో మొదలై ఏప్రిల్‌తో ముగుస్తాయి. వేసవి జీతం చాలాచోట్ల ఉండదు. చేరేనాడు 'పరిశీలన' పేరిట అసలు సర్టిఫికెట్లు పుచ్చుకుని బీరువాలో పెట్టే సంస్థలు నేటికీ ఉన్నాయి. సంవత్సరం మధ్యలో ఎవరైనా వెళ్తామంటే మొదట ఆ బీరువా తాళం కనబడదు. తరువాత ఆఖరి నెల జీతం కనబడదు. చివరికి అనుభవ పత్రం అడిగితే, అడిగిన మనిషే ఎన్నడూ అక్కడ కనబడలేదన్నట్టు మాట్లాడతారు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తెలుగులో ఎం.ఏ., పండిత శిక్షణ ముగించి ఒక రెసిడెన్షియల్ పాఠశాలలో ఇలాగే చేరింది. నవంబరులో తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో చూసే దిక్కు వేరే లేదు. నెల ముందుగా నోటీసు ఇచ్చింది, దిద్దవలసిన జవాబు పత్రాలన్నీ దిద్ది మార్కులు ఎక్కించింది, మిగిలిన పాఠాలకు నోట్సు రాసి తన తరువాత వచ్చేవారి కోసం అప్పగించింది. ఆపైన అనుభవ పత్రం అడిగితే వచ్చిన సమాధానం ఇది: "అమ్మా, మీరు ఏప్రిల్ దాకా లేరు గనుక మీరు ఇక్కడ పనిచేసినట్టు రాసివ్వడం కుదరదు." మరి ఆ అయిదు నెలలూ ఎనిమిదో తరగతికి పద్యభాగం చెప్పిందెవరు? హాజరుపట్టీలో ఉన్న సంతకాలు ఎవరివి?

'సాక్షి' అనే శబ్దాన్ని తీసుకోండి. సాక్షాత్తుగా, అంటే తన కళ్లతో చూసినవాడు సాక్షి అని పాణినీయుల వ్యుత్పత్తి. చూసినవాడు చూసినంత చెప్పాలి, చూడనిది చెప్పరాదు, చూసినది దాచరాదు. అయిదు నెలలు చూసినవాడు అయిదు నెలలకు సాక్షి. పది నెలలు చూసే అవకాశం రాలేదు కనుక చూసిన అయిదు నెలలకు కూడా సాక్ష్యం చెప్పననడం ఏ తర్కశాస్త్రానికీ అందని సంగతి.

ఇక్కడ మనవాళ్లు రెండు వేర్వేరు కాగితాలను కలగాపులగం చేస్తున్నారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా పని చేశారనేది వస్తునిర్దేశం. ఫలానావారు సమర్థులు, సౌమ్యులు, నమ్మదగినవారు అనేది అభిప్రాయం. రెండవది యజమాని ఇష్టం, ఇవ్వవచ్చు, మానవచ్చు. మనసొప్పని పొగడ్తను ఎవరి చేతా రాయించలేము, రాయించకూడదు కూడా. కాని మొదటిది యజమాని దయ కాదు, పనిచేసినవారి కష్టార్జితం. దానిని ఆపడం జీతం ఆపడంతో సమానం. ఒక విధంగా అంతకన్నా ఘోరం. జీతం ఆపితే ఒక నెల పోతుంది, పత్రం ఆపితే ముందున్న కొలువులన్నిటికీ అడ్డం పడుతుంది.

చట్టం ఏమంటున్నదని అడుగుతారు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద కేంద్రం చేసిన నమూనా నిబంధనల్లో, పర్మనెంటు కార్మికుడు కొలువు వీడేటప్పుడు సర్వీసు సర్టిఫికెట్‌కు అర్హుడని ఉండేది. తాత్కాలిక కార్మికుడి సంగతో? అతణ్ణి తొలగించడానికి నోటీసు కూడా అక్కర్లేదని అదే నిబంధనల్లో ఉండేది! పైగా ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 'కార్మికుడు' కాడని సుప్రీంకోర్టు 1988లో సుందరంబాళ్ కేసులో తేల్చింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. నిర్ణీత కాలపు ఉద్యోగి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీకి అర్హుడని వాటిలో చెప్పారు. సంతోషమే. జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగిసే ఒప్పందం ఏడాదిని ఎన్నడు ముట్టుకుంటుంది? విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను కళాశాలలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2016లోనే ఆదేశించింది. శిష్యుడికి దక్కిన ఆ మర్యాద గురువుకు దక్కనక్కర్లేదా?

యాజమాన్యాల పక్షాన ఉన్న బలమైన వాదాన్ని దాటవేయను. సంవత్సరం మధ్యలో ఉపాధ్యాయుడు మారితే నష్టపోయేది పిల్లలు. ఇది అక్షరాలా నిజం. ఛందస్సు మొదలుపెట్టి గణవిభజన దగ్గర గురువు మాయమైతే ఆ తరగతి మళ్లీ కుదుటపడడానికి నెల పడుతుంది. ఎక్కడో అయిదువందలు ఎక్కువ వస్తున్నదని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేవారిని నేను సమర్థించను. అటువంటివారికి మంచిమాట దక్కకపోతే అది న్యాయమే. కాని పిల్లల పేరు చెప్పే అర్హత ఎవరికుందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఎందరు ప్రైవేటు ఉపాధ్యాయులకు ఆ ఏడాది జీతాలు అందాయి? కూరగాయలు అమ్మినవారు, ఉపాధి హామీ పనికి పలుగూ పారా పట్టుకుని వెళ్లినవారు మనకు తెలియనివారా? 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా వెళ్లిందో ఊహించుకోండి. ఆనాడు ఒప్పందాలను నడుమ తెంచిన సంస్థలకు 'పేరు' చెడిందా? మరుసటి జూన్‌లో అడ్మిషన్లు ఆగాయా? నిబద్ధత అనేది ఒకవైపే ఎక్కే నిచ్చెన అయినట్టున్నది.

ఇంకొక ఉదాహరణ నా వాదానికి ఎదురు వచ్చేది, అందుకే చెబుతున్నాను. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో తీర్పు ఇచ్చింది. మూడేళ్ల లోపు వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలన్న బాండు చెల్లుతుందని చెప్పింది. ఆ ఉద్యోగి అంతకుముందే సొమ్ము కట్టి వేరే బ్యాంకులో చేరాడు. కోర్టు చూసినది ప్రభుత్వరంగ బ్యాంకు నియామకానికి పట్టే ఖర్చును, కాలాన్ని. సరే, ఒప్పుకుందాం. కాని ఆ తీర్పు ప్రకారం కూడా ముందే వెళ్లిపోవడానికి మూల్యం ఒప్పందంలో రాసుకున్న సొమ్ము. మనిషి పనిచేసిన కాలాన్ని చెరిపివేయడం ఆ మూల్యంలో భాగం కాదు. ఒప్పందాల చట్టం 74వ సెక్షను సైతం రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారాన్నే అనుమతిస్తుంది. గోడమీద 'ఉపాధ్యాయులు కావలెను' అని ఒక కాగితం అంటించి, పది నిమిషాల డెమో చూసి చేర్చుకున్నవారు ఏ నియామక వ్యయాన్ని లెక్క చూపుతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇక కుర్రవాళ్లతో రెండు మాటలు. భయం కొద్దీ ఆ అయిదు నెలలను బయోడేటాలోంచి తీసేయమని సలహా ఇచ్చే సన్నిహితులు ఉంటారు. వినకండి. పీఎఫ్ కట్టిన కొలువైతే మీ యూఏఎన్ ఖాతాలో చేరిన తేదీ, వెళ్లిన తేదీ నిక్షేపంలా ఉంటాయి. దాచారని తేలితే ముందే వెళ్లిన దానికంటే అది పెద్ద తప్పుగా కనబడుతుంది. అదే ఖాతా మీకు సాక్షి కూడా. యజమాని వెళ్లిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తరువాత మీరే నమోదు చేసుకునే వీలు 2020 నుంచి ఉన్నది. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు పుస్తకం, నోటీసు ఇచ్చిన ఈమెయిలు జాగ్రత్త చేసుకోండి. మీ గురించి చెప్పడానికి యాజమాన్యమే దొరకనక్కర్లేదు. పక్క తరగతిలో పాఠం చెప్పిన సీనియరు మాష్టారు మీ గొంతు రోజూ విన్నాడు, కరస్పాండెంటు వినలేదు. అన్నట్టు, డీఎస్సీకి చదివేవారు ఈ దిగులు పూర్తిగా మానవచ్చు. అక్కడ చూసేది పరీక్ష మార్కులు, టెట్ వెయిటేజి. ఏ ప్రైవేటు బడి కాగితమూ అక్కడ తూగదు.

నియామకాలు చేసే పెద్దలకు నా విన్నపం వేరు. ఎదుట కూర్చున్న మనిషిని "ఎందుకు వదిలేశారు?" అని అడిగే హక్కు మీకు ఉన్నది. అడిగాక జవాబు పూర్తిగా వినండి. "ఏ తరగతి ఎక్కడిదాకా చెప్పి అప్పగించారు?" అని కూడా అడగండి. పని విడిచినవాడికీ పని ఎగ్గొట్టినవాడికీ తేడా ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబులో తెలిసిపోతుంది.

యాజమాన్యాలకు పత్రం రాయడం కష్టమనిపిస్తే నేనే రాసిపెడతాను: "వీరు మా పాఠశాలలో జూన్ 12 నుంచి డిసెంబరు 10 వరకు తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేశారు. కుటుంబ కారణాల వల్ల నోటీసు ఇచ్చి, బాధ్యతలు అప్పగించి వైదొలగారు." రెండే వాక్యాలు. విశేషణం ఒక్కటి కూడా వేయలేదు. కింద ఒక సంతకం, ఒక ముద్ర.