మంచం గీశాక గోడ గీయండి

ఇల్లు కట్టుకోబోయే ప్రతి కుటుంబమూ ఇంజినీరు దగ్గరికి వెళ్లకముందే తన ఇంటి ప్లాను తానే ఒకసారి కంప్యూటర్లో గీసుకోవాలి. తెనాలిలో ప్లాన్లు గీసి బతికే నేనే ఈ మాట అంటుంటే మా వీధిలో తోటివాళ్లకు గుర్రుగా ఉంటుంది. "మన పొట్ట మనమే కొట్టుకుంటామా అక్కా?" అన్నాడొక కుర్రాడు. కొట్టుకునేదేం లేదు. తమకేం కావాలో గీసుకొచ్చినవాళ్లతో నా పని తొందరగా తెములుతుంది. ఏం కావాలో తేల్చుకోకుండా వచ్చినవాళ్లే వంటింటిని ఆగ్నేయం నుంచి వాయవ్యానికి, అక్కణ్నుంచి మళ్లీ ఆగ్నేయానికి తిప్పిస్తూ నెలలు గడిపేస్తారు. ఇచ్చే డబ్బులు మాత్రం ఒక్క ప్లానుకే.

అయితే గీసుకోవడానికి ఒక వరుస ఉంది. జనం దాన్ని తలకిందులు చేశారు. ముందుగానే 3డీ బొమ్మ చూస్తున్నారు. ఎవరో ఫోన్లో పంపిన ఎలివేషన్ అది. ముందు రెండు ఈత చెట్లు, గేటు పక్కన మన రోడ్ల మీద కనిపించని కారు, మబ్బు తునక లేని ఆకాశం. "అచ్చం ఇలాంటిదే కావాలండి" అంటారు. స్థలం ఎంతండీ అంటే "రెండున్నర సెంట్లు ఉంటుందండి" అంటారు. సెంటుకి 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. రెండున్నర సెంట్లకు 1,089. ఆ బొమ్మలోని పోర్టికో, మెట్లు, పచ్చిక కలిపితే స్థలం అక్కడికే చెల్లిపోతుంది.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివినప్పుడు మాకు వాలు బల్ల, మినీ డ్రాఫ్టర్, ట్రేసింగ్ కాగితం ఇచ్చేవాళ్లు. గీత తప్పితే బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే కాగితం చిల్లు పడుతుంది. ఆ భయంతోనే గీసే ముందు కొలత రెండోసారి చూసుకునేవాళ్లం. ఆటోక్యాడ్ 1982 డిసెంబరులోనే విడుదలైనా మా ఊరి గదుల్లోకి వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక బ్లేడు పోయింది, అన్‌డూ వచ్చింది. భయం పోవడం మంచిదే, దాంతోపాటు టేపు పట్టుకునే అలవాటు కూడా పోవడం మాత్రం బాగోలేదు. సాఫ్ట్‌వేరు మొరాయిస్తోందని నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం టేపులోనే ఉంటోంది.

మొదట స్థలం సంగతి. దస్తావేజులో నాలుగు వైపులా నాలుగు కొలతలుంటాయి. అవి కొట్టేస్తే ప్లాటు వచ్చేస్తుందనుకుంటారు. రాదు. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన ఆకారం తేలదు. అవే కొలతలతో ఇటు వాలిన స్థలమూ గీయొచ్చు, అటు వాలిన స్థలమూ గీయొచ్చు. మూల నుంచి ఎదుటి మూలకి టేపు పట్టి ఆ అడ్డకొలత కూడా రాసుకోవాలి. 30 బై 40 స్థలం నిజంగా మూలమట్టానికి ఉంటే ఆ కొలత సరిగ్గా 50 అడుగులు రావాలి. మేస్త్రి మూల చూడటానికి తాడుతో వేసే 3-4-5 లెక్కే అది. 51 వచ్చిందంటే స్థలం సాగి ఉందన్నమాట. ఈశాన్యం పెరిగింది, మంచిదేనని సంతోషించేవాళ్లు సంతోషించండి, కానీ గీసేటప్పుడు దాన్ని పెరిగినట్టే గీయండి. ఆటోక్యాడ్‌లోగానీ, ఉచితంగా దొరికే లిబ్రెక్యాడ్‌లోగానీ ముందు రోడ్డువైపు గీత వేసుకోండి. ఎడమ మూల కేంద్రంగా ఎడమ భుజమంత వృత్తం, కుడి మూల కేంద్రంగా అడ్డకొలతంత వృత్తం గీస్తే రెండూ కలిసినచోట వెనక మూల దొరుకుతుంది. నాలుగో మూలకీ ఇదే పద్ధతి. స్థలం ఇలా తేలకుండా గది గీస్తే, మేస్త్రి ముగ్గు పోసి మార్కింగ్ చేసే రోజున వెనక సందు ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు అడుగున్నర వస్తుంది. అప్పుడు కంప్యూటర్ని తిడతారు.

రెండోది చుక్క. మనవాళ్లు తొమ్మిది అడుగుల పదకొండు అంగుళాలను కాగితం మీద 9.11 అని రాస్తారు. మనిషి చదివితే ఇబ్బంది లేదు. కంప్యూటర్‌కి 9.11 అడుగులంటే 9 అడుగుల అంగుళంపావు. దగ్గర దగ్గర 10 అంగుళాలు గోవిందా. 10.6 అని కొడితే తేడా అంగుళం పైచిలుకే కాబట్టి ఎవరికీ కనపడదు, ఆరేడు గదులు దాటాక మాత్రం మెట్లకు చోటు చాలదు. ఆటోక్యాడ్‌లో యూనిట్స్ అని కొట్టి ఆర్కిటెక్చరల్ ఎంచుకుని, అడుగు గుర్తు పెట్టి 9'11 అని కొట్టండి. గుర్తు మరిచిపోయి ఉత్త 10 అని కొడితే అది 10 అంగుళాలే తీసుకుంటుంది. ఇంకొకరి ఫైలు తెచ్చి మీ ప్లానులో పెడితే చీమంతగానో ఏనుగంతగానో పడుతుంది చూడండి, కంగారుపడొద్దు. అందులో ఒక పడకగది తలుపు కొలవండి. మూడడుగుల తలుపు 36 చూపిస్తే ఆ ఫైలు అంగుళాల్లో గీసినది, 914 చూపిస్తే మిల్లీమీటర్లలో గీసినది, 3 చూపిస్తే అడుగుల్లో. 25.4తోనో 12తోనో హెచ్చించో భాగించో స్కేల్ చేసుకుంటే సరిపోతుంది.

ఇక ఇంట్లోవాళ్లకు ఆటోక్యాడ్ అక్కర్లేదు. స్వీట్ హోమ్ 3డీ అని 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది, పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. పైన ప్లాను, కింద 3డీ కనిపిస్తాయి. మొదటి రోజే ఆ కింది గడిని మౌస్‌తో లాగి మూసేయండి. కళ్లు అటు పోతే కొలతలు ఇటు తప్పుతాయి. పాత ప్లాను ఫొటో ఉంటే దాన్ని అడుగున పరుచుకుని పైన గీయొచ్చు. స్కేలు అడిగినప్పుడు గదిలో చిన్న గీతను కాకుండా ఫొటోలో అన్నిటికంటే పొడుగైన కొలతను చూపించండి. చిన్నదాంట్లో చేసిన వెంట్రుకవాసి తప్పు ఇల్లంతా పెరుగుతుంది. గోడ మందం మొదట అది చూపించిందే ఉంచేయకండి. అది పలచటి గోడల దేశాల లెక్క. మన ఇటుక గోడ బయట 9 అంగుళాలు, లోపల నాలుగున్నర. రెండు వైపులా ప్లాస్టరింగ్ కూడా పడుతుంది కాబట్టి గీసిన గదికంటే కట్టిన గది అంగుళం ఇరుకవుతుంది. గదిలో రెండుసార్లు నొక్కినా వైశాల్యం రాకపోతే ఎక్కడో గోడల మూల కలవలేదన్నమాట. బాగా దగ్గరికి జూమ్ చేసి ఒక్కో మూలా చూసుకుంటూ పోతే దొరుకుతుంది. 3డీ గడి నల్లగా కనిపిస్తే తప్పు మీది కాదు, కంప్యూటర్లో గ్రాఫిక్స్ డ్రైవర్ పాతబడింది.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. గోడలతో మొదలుపెట్టకండి. మంచంతో మొదలుపెట్టండి. పెద్ద మంచం 6 బై ఆరున్నర అడుగులు. 10 బై 10 గదిలో దాన్ని గోడకు ఆనించి వేస్తే కాళ్లవైపు మిగిలేది మూడున్నర. అక్కడ 2 అడుగుల వార్డ్‌రోబు పెట్టారా, నడవడానికి అడుగున్నర. వార్డ్‌రోబు తలుపు తెరిస్తే మనిషి మంచమెక్కాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇంట్లో ఒక్క గదైనా 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదంటుంది. మనం ఎంతో ఇష్టంగా చెప్పుకునే టెన్ బై టెన్ 9.3 దగ్గరే ఆగిపోతుంది. గోడలు గీసేశాక ఈ సంగతి తెలిస్తే మంచం చిన్నది చేసుకుంటారు. మంచం ముందు గీస్తే గది పెంచుకుంటారు.

వస్తువుల జాబితా సాఫ్ట్‌వేరులో ఉంటుంది గానీ అది మన ఇల్లు కాదు. సోఫాలు, పియానో దొరుకుతాయి. గ్రైండరు, బియ్యం బస్తాలు, గ్యాసు బండ, అత్తగారి బీరువా దొరకవు. ఉత్త పెట్టె బొమ్మ ఒకటి లాక్కుని కొలతలు మార్చి దానికి పేరు పెట్టుకోండి. రిటైరైన ఒక టీచరమ్మ మేనల్లుడి లాప్‌టాప్‌లో ఇలాగే గీసుకొచ్చారు. వంటగదిలో ఆవకాయ జాడీలకు కూడా ఒక పెట్టె, దాని మీద ఎండ పడకూడదని పక్కనే రాసుకున్నారు. ఆమె కోసం నేను కదిపింది రెండు గోడలే. పక్కన కూర్చున్న మాష్టారు "హాలు కొంచెం పెద్దది చేయించమంటాను" అని గొణిగారు. "టీవీ చూడ్డానికి అంత చోటెందుకండీ?" అన్నారామె. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

మెట్ల దగ్గర మాత్రం సాఫ్ట్‌వేరు ఇచ్చిన బొమ్మను నమ్మొద్దు. చోటు ఎంత తక్కువైనా అది ముడుచుకుని కూర్చుంటుంది, తెర మీద బాగానే ఉంటుంది. కింది ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకి పదిన్నర అడుగులనుకోండి, అంటే 126 అంగుళాలు. మెట్టు ఎత్తు 7 అంగుళాలైతే 18 ఎత్తులు. రెండు వరసలు చేస్తే ఒక్కోదానికి 9 ఎత్తులు, 8 మెట్లు. మెట్టు వెడల్పు 10 అంగుళాల చొప్పున 6 అడుగుల 8 అంగుళాలు, దానికి 3 అడుగుల ల్యాండింగు. మొత్తం 9 అడుగుల 8 అంగుళాల పొడవు, ఆరడుగులకు పైగా వెడల్పు. ఇంట్లో గీసుకొచ్చే ప్లాన్లలో దీనికి వదిలేది సాధారణంగా మంచమంత చోటు. కోడు ప్రకారం ఇంటి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, వెడల్పు 250కి తగ్గకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఆ 190 దాకా కూడా పోవద్దని నా సలహా.

ఇంత గీశాక ఇంజినీరు ఎందుకంటే, తెర మీద గోడ తీసేసినా పైకప్పు గాల్లో నిలబడుతుంది. పిల్లర్ ఎక్కడ, బీమ్ ఎంత లోతు అన్నది ఆ బొమ్మకు తెలియదు. అనుమతికి పెట్టే డ్రాయింగు కూడా వేరే. ఆన్‌లైన్‌లో దాన్ని మనిషికంటే ముందు సాఫ్ట్‌వేరు చదువుతుంది, ఏ గీత ఏ లేయర్లో ఉందో చూసి లెక్క కడుతుంది. ప్లాటు హద్దు ఒకే మూసిన పాలీలైన్‌గా లేకపోతే దానికి వైశాల్యమే కనపడదు. కంటికి కలిసినట్టే ఉంటుంది, ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ దగ్గర "నో" అని ఉంటుంది. దాన్ని "యెస్" చేయడానికి అర నిమిషం చాలు. చూసుకోకపోతే ఫైలు తిరుగుటపాలో వస్తుంది. ఇవన్నీ మా పని, వీటికే మాకు డబ్బులివ్వండి.

మేస్త్రికి పంపేటప్పుడు ప్లానును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి. అది నలిగి వెళుతుంది, 6 ఏదో 8 ఏదో తెలియదు. పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపండి. ప్రింటు తీసేటప్పుడు ఫిట్ టు పేజీ తీసేయండి, లేకపోతే స్కేలు పెట్టి కొలిచే మేస్త్రి మోసపోతాడు. 1:50లో 30 బై 40 స్థలం 183 బై 244 మిల్లీమీటర్లు వస్తుంది, ఏ4 కాగితంలో ఇమిడిపోతుంది. గదుల పేర్లు తెలుగులో రాయండి. ఆటోక్యాడ్‌లో తెలుగు ప్రశ్నార్థకాలుగా మారితే కారణం ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు, టెక్స్ట్ స్టైల్లో గౌతమి గానీ నిర్మలా గానీ పెడితే అక్షరాలు వస్తాయి. ఫైలే తెరుచుకోకపోతే పక్కన అదే పేరుతో బీఏకే అనే తోకతో ఇంకో ఫైలు ఉంటుంది. ఆ తోకను డీడబ్ల్యూజీ అని మారిస్తే అంతకుముందు సేవ్ చేసిన ప్లాను దొరుకుతుంది.

ఇప్పుడు 3డీ తెరవండి. ఈత చెట్ల కోసం కాదు, ఎండ కోసం. స్వీట్ హోమ్‌లో దిక్సూచిని మీ స్థలం దిక్కుకు తిప్పి, ఊరి అక్షాంశం, రేఖాంశం ఇచ్చి, మే నెల మధ్యలో సాయంత్రం 4 గంటలని పెట్టి ఫొటో తీయమనండి. దిక్కును ఫోనుతో చూసేట్టయితే ఇనుప చువ్వల కట్టలకు దూరంగా నిలబడి చూడాలి. తెనాలిలో ఆ వేళకు సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులో పడమటి గోడను నేరుగా కొడుతుంటాడు. రెండడుగుల సన్‌షేడు వేసినా నీడ కిటికీలో అడుగున్నర కూడా దిగదు, మిగతా ఎండంతా పక్క మీదే. ఆ కిటికీని ఉత్తరపు గోడకు జరిపి ఇంకో ఫొటో తీసి చూడండి.