అడవిలో కెమెరా మర్యాద
చాంద్రాయణగుట్ట నుంచి బార్కాస్, పహాడీషరీఫ్ మీదుగా సాగే శ్రీశైలం రహదారి నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేరుస్తుంది. మన్ననూరు దాటాక ఫర్హాబాద్ సఫారీలో పులి కనబడటం అరుదు. దుప్పులు, నెమళ్లూ ఫొటోకు తగినవే. తెల్లవారుజామున వెలుతురు చాలదు. ఐఎస్‌ఓ పెంచి, షట్టర్ వేగాన్ని సెకనులో 500వ వంతుకు తేవాలి. జీపు ఇంజిన్ ఆపించి, బియ్యం నింపిన గుడ్డసంచిపై లెన్సు ఆనించి, జంతువు కంటిమీద ఫోకస్ పెట్టాలి. ఫ్లాష్ కొట్టడం, ఇంకా దగ్గరకు పోనిమ్మని డ్రైవరును తొందరపెట్టడం క్షమించరానివి. పులి బాట దాటేదాకా జీపు ఆగాల్సిందే. చేయి తిరగాలనుకునేవారికి చాంద్రాయణగుట్టకు చేరువలోనే, 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కులో సింహాల సఫారీ ఉంది. అక్కడ బస్సు అద్దానికి లెన్సును దగ్గరగా ఆనిస్తే ప్రతిబింబాలు పడవు.