చలువ కళ్లద్దాలు.. ఇంట్లో ముందు ఎవరికి కొనాలి?

ఎండలు ముదురుతున్నాయంటే మన ఇళ్లలో ఏర్పాట్లు మొదలవుతాయి. కూలర్‌లో గడ్డి మారుస్తాం. కొత్త కుండ తెచ్చుకుంటాం. పిల్లలకు కాటన్ బట్టలు తీస్తాం, బయటికెళ్లేవాళ్ల బ్యాగులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పెడతాం. ఈ జాబితాలో కళ్లద్దాలు మాత్రం కనిపించవు. అవి గుర్తొచ్చేది అబ్బాయి పుట్టినరోజుకో, గోవా ప్రయాణానికో, పెళ్లి ఫొటోలకో. మన దృష్టిలో నల్ల కళ్లద్దాలు ఇప్పటికీ షోకు సామానే.

దీనివల్ల రెండు విధాలుగా నష్టపోతున్నాం. కొనేవాళ్లలో కొందరు పేరు చూసి వేలకు వేలు పోస్తున్నారు. ఇంకొందరు ‘నాలుగు రోజుల ముచ్చటే కదా’ అని ఏదో ఒకటి చౌకగా తెచ్చుకుంటున్నారు. రెండో నష్టం ఇంతకంటే పెద్దది. రోజూ గంటల తరబడి ఎండలో తిరిగేవాళ్లు ‘ఈ వయసులో నాకెందుకు ఈ షోకులు’ అని అసలు పెట్టుకోవడమే లేదు. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చలువ కళ్లద్దాలను షోకు ఖర్చులోంచి తీసి, హెల్మెట్, గొడుగు పక్కన పెట్టండి. అలా చూసినప్పుడు ఏది కొనాలి, ఎంతలో కొనాలి, ముందు ఎవరికి కొనాలి అనే ప్రశ్నలకు జవాబులు సులువుగా దొరుకుతాయి.

పేరులోనే తిరకాసు

చలువ కళ్లద్దాలు, కూలింగ్ గ్లాసెస్.. ఏ పేరైనా కంటికి హాయి గురించే చెబుతుంది. కానీ కంటికి ఎక్కువ చేటు చేసేవి ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు. వీటినే మనం యూవీ కిరణాలు అంటున్నాం. ఇవి కంటికి కనిపించవు, ఆ క్షణంలో నొప్పీ తెలియదు. ఏళ్ల తరబడి పడుతూ ఉంటే కంటిలోని లెన్సు మసకబారి శుక్లం వచ్చే ముప్పు పెరుగుతుంది. తెల్లగుడ్డు మీది పొర కండలా పెరిగి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. దీన్ని టెరీజియం అంటారు. ఎండలో, దుమ్ములో పనిచేసేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కనురెప్పల మీది పలుచటి చర్మానికీ ఈ కిరణాలు మంచివి కావు.

అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన ఈ కిరణాలు ఆగవు. నలుపు అనేది రంగు మాత్రమే. అది కనిపించే వెలుతురును తగ్గిస్తుంది. యూవీని ఆపేది అద్దం తయారైన పదార్థం, లేదా అందులో కలిపిన, పైన పూసిన రక్షణ పొర. చీకటిగా ఉన్నచోట కంటిపాప పెద్దదవుతుందని మనకు తెలుసు. నల్లటి అద్దం వెనక కూడా అదే జరుగుతుంది. ఆ అద్దానికి యూవీని ఆపే గుణం లేకపోతే, తెరుచుకున్న కంటిపాప గుండా ఆ కిరణాలు లోపలికి వెళ్లే వీలు పెరుగుతుంది. ఎండ చురుక్కుమనకపోవడంతో కళ్లు చిట్లించడం కూడా మానేస్తాం. అంటే హాయిగా ఉందనుకుంటూనే కంటిని ఎండకు అప్పగిస్తామన్నమాట.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌కు యూవీని దాదాపు పూర్తిగా ఆపే గుణం సహజంగానే ఉంది. దానితో చేసిన అద్దం నీళ్లలా తెల్లగా ఉన్నా కంటిని కాపాడుతుంది. మీరు రోజూ పెట్టుకునే పవర్ అద్దాలు పాలీకార్బొనేట్‌వే అయితే, యూవీ విషయంలో మీకు ఇప్పటికే చాలావరకు రక్షణ ఉన్నట్టే. హెల్మెట్లకు వచ్చే పాలీకార్బొనేట్ వైజర్ కూడా ఈ పని చేస్తుంది. కాకపోతే దాన్ని కిందికి దించాలి. మనలో చాలామంది దాన్ని నెత్తి మీదికి ఎత్తేసి బండి నడుపుతుంటారు!

ఎక్కువ ధర దేనికి?

వెయ్యి రూపాయల జత కంటే పది వేల జత కంటిని పది రెట్లు కాపాడదు. యూవీని పూర్తిగా ఆపడం ఇవాళ ఖరీదైన విద్యేమీ కాదు. ఎక్కువ ధరలో పెద్ద వాటా ఫ్రేమ్ నాణ్యతకు, డిజైన్‌కు, ప్రకటనలకు, పేరుకు వెళుతుంది. రేబాన్ ఏవియేటర్ 1930లలో అమెరికా విమాన చోదకుల కళ్లకు ఎండ కొట్టకుండా పనిముట్టుగా పుట్టింది. తర్వాతే అది సినిమాలకెక్కి ఫ్యాషన్ అయింది. ఇప్పుడు రేబాన్, ఓక్లీ రెండూ ఒకే కంపెనీవి. ప్రాడా, షనెల్ లాంటి ఫ్యాషన్ సంస్థల పేర్లతో వచ్చే కళ్లద్దాలను తయారుచేసేదీ ఆ ఎస్సిలార్ లక్సోటికానే. పేరు నచ్చి కొనుక్కుంటే తప్పులేదు. కంటి ఆరోగ్యం కోసమే అంత పెడుతున్నామని మాత్రం అనుకోవద్దు.

అలాగని కోఠిలోనో, బీసెంట్ రోడ్డులోనో పేవ్‌మెంట్ మీద అమ్మేవన్నీ పనికిరానివని నేననను. అందులోనూ యూవీని బాగా ఆపేవి ఉండొచ్చు. చిక్కంతా మనకు ఏది ఏమిటో తెలియకపోవడమే. ‘యూవీ 400’ అనే స్టిక్కర్‌ను ఎవరైనా అచ్చేసి అంటించగలరు. కాబట్టి తేల్చాల్సింది స్టిక్కర్ కాదు, మీటర్. కళ్లద్దాల దుకాణాల్లో చాలాచోట్ల యూవీ మీటర్ ఉంటుంది. అద్దాన్ని అందులో పెడితే ఎంత యూవీ దాటుతోందో క్షణాల్లో చూపిస్తుంది. ‘ఒకసారి మీటర్ మీద పెట్టి చూపిస్తారా?’ అని అడగడానికి మొహమాటం ఎందుకు? పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం, కోసి చూపించమంటాం. కంటికి పెట్టుకునే వస్తువును పరీక్షించకుండా ఎందుకు కొనాలి? నన్నడిగితే, చూపించడానికి ఒప్పుకోని దుకాణంలో కొనక్కర్లేదు.

నా ఉద్దేశంలో మధ్యతరగతి ఇంటికి ఐదు వందల నుంచి పదిహేను వందల రూపాయల మధ్య దొరికే, బిల్లుతో వచ్చే, మీటర్ పరీక్షలో నెగ్గిన జత చాలు. అంత కూడా వద్దనుకుంటే హార్డ్‌వేర్, సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో దొరికే పాలీకార్బొనేట్ సేఫ్టీ గ్లాసెస్ ఇంకా చౌక. చూడటానికి అంత సొగసుగా ఉండవు గానీ పక్కల నుంచి కూడా కంటిని కప్పుతాయి.

దుకాణంలో చూడాల్సినవి

‘యూవీ 400’ లేదా ‘100 శాతం యూవీ రక్షణ’ అని ఉండాలి. 400 అంటే నానోమీటర్లు. ఎండలో నేలను చేరే యూవీ కిరణాలన్నీ 400 నానోమీటర్ల లోపువే. అక్కడిదాకా ఆపితే అన్నీ ఆగినట్టే. రాసి ఉన్నా మీటర్ మీద చూడండి.

అద్దం ముదురుదనాన్ని 0 నుంచి 4 వరకు కేటగిరీలుగా చెబుతారు. మన ఎండలకు కేటగిరీ 3 సరిపోతుంది. ఇది వెలుతురులో 8 నుంచి 18 శాతం దాకా లోపలికి రానిస్తుంది. కేటగిరీ 4 మరీ ముదురు, దాన్ని పెట్టుకుని బండి నడపకూడదు. ఈ అంకె యూవీ రక్షణను చెప్పదని గుర్తుంచుకోండి.

బండి, కారు నడిపేవాళ్లకు బూడిద, గోధుమ రంగు అద్దాలు మంచివి. నీలం, గులాబీ లాంటి రంగులతో సిగ్నల్ లైట్లు తేడాగా కనిపించవచ్చు. చీకటి పడ్డాక ఏ రంగు అద్దమూ వద్దు. రాత్రి డ్రైవింగ్ కోసమంటూ అమ్మే పసుపు అద్దాలు కూడా చూపును మెరుగుపరచవు.

పోలరైజ్డ్ అద్దాలు తారు రోడ్డు మీద, నీటి మీద, ముందు కారు అద్దం మీద పడి కొట్టే మెరుపును తగ్గిస్తాయి. ఎక్కువగా డ్రైవ్ చేసేవాళ్లకు మేలే. కానీ పోలరైజ్డ్ వేరు, యూవీ రక్షణ వేరు. వీటితో చూస్తే కొన్ని ఫోన్ల తెరలు, వాహనాల డిస్‌ప్లేలు మసకగా కనిపిస్తాయి. అద్దంలా మెరిసే మిర్రర్ పూత ఉన్నంత మాత్రాన కూడా యూవీ రక్షణ ఉందని కాదు.

కళ్లద్దాలను చేయి చాచి పట్టుకుని, ఒక కంటితో కిటికీ ఊచనో తలుపు అంచునో చూస్తూ మెల్లగా కదపండి. ఆ గీత వంకర్లు పోతే వదిలేయండి. అలాంటి అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి, కళ్లు లాగడం తప్పవు.

చిన్న అద్దాల కంటే పెద్దవి, ముఖానికి దగ్గరగా ఒంపు తిరిగినవి నయం. పక్కల నుంచి వచ్చే ఎండ కూడా కంటికి చేటే. టెరీజియం ఎక్కువగా ముక్కు వైపు మొదలవడానికి, చెవి వైపు నుంచి వాలుగా పడే కిరణాలు కంటిలో వంగి అటు చేరడం ఒక కారణమని చెబుతారు.

పవర్ అద్దాలున్నవాళ్లకు వాటి మీద తగిలించే క్లిప్ ఆన్‌లు దొరుకుతాయి. పవర్‌తోనే చలువ అద్దాలు చేయించుకోవచ్చు. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలూ ఉన్నాయి. అయితే కారు ముందు అద్దం యూవీని ఆపేస్తుంది కాబట్టి ఇవి కారులో సరిగా నల్లబడవు.

వాడాల్సింది ఎప్పుడు?

మిట్టమధ్యాహ్నమే కాదు. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు కనుబొమలు, టోపీ కంటికి కొంత నీడనిస్తాయి. ఉదయం తూర్పు వైపు, సాయంత్రం పడమటి వైపు బండి నడిపేవాళ్లకు ఎండ నేరుగా కళ్లలోకే కొడుతుంది. పలుచటి మబ్బు కూడా యూవీని పూర్తిగా ఆపదు. ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో ‘యూవీ ఇండెక్స్’ చూడండి. అది 3 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నాల్లో అది తరచూ 11కు చేరుతుంది, దాటుతుంది కూడా. ఆ స్థాయిని ‘అత్యంత తీవ్రం’ అంటారు. కాబట్టి అద్దాలతో పాటు టోపీ, గొడుగు కూడా కావాలి.

ముందు ఎవరికి?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంట్లో ఎవరెవరు రోజుకు ఎంతసేపు ఎండలో ఉంటున్నారో లెక్కవేయండి. మొదటి జత కాలేజీ అబ్బాయికి కాకపోవచ్చు. రోజూ స్కూటీ మీద వెళ్లే టీచరమ్మ, మార్కెటింగ్ పని మీద ఊరంతా తిరిగే నాన్న, పొలం చూసి రావడం మానని తాతయ్య, మధ్యాహ్నం మూడింటికి పిల్లల కోసం స్కూలు గేటు దగ్గర నిలబడే అమ్మ.. వీళ్లలో ఒకరిది మొదటి వంతు.

ఇక్కడ అడ్డొచ్చేది డబ్బు ఒక్కటే కాదు, నలుగురి మాట కూడా. యాభై ఏళ్ల ఆవిడ చీర మీద చలువ అద్దాలు పెట్టుకుంటే ‘ఏంటి వదినా, హీరోయిన్‌లా తయారయ్యావ్’ అని నవ్వేది మనమే. ఆ ఒక్క మాటతో ఆ అద్దాలు బీరువాలోకి పోతాయి. శుక్లం ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుంటే ఎవరూ నవ్వరు. ఆపరేషన్ దాకా రాకముందే పెట్టుకుంటే మాత్రం నవ్వుతాం. ఇది మారాలి. ఇంట్లో ఒకరు పెట్టుకుంటే మిగతావాళ్లు ‘బాగున్నాయి’ అనండి చాలు.

పిల్లల విషయం కూడా చెప్పాలి. పసి కళ్లలోని లెన్సు పెద్దవాళ్ల లెన్సు కంటే ఎక్కువ యూవీని లోపలికి వదులుతుంది. జాతరలో కొనిచ్చే బొమ్మ కళ్లద్దాలతో ఆడుకోనివ్వండి గానీ వాటితో ఎండలోకి పంపవద్దు. ఆటలకు వెళ్లే పిల్లలకు అంచున్న టోపీ, పగలని పాలీకార్బొనేట్ అద్దాలు ఇవ్వండి.

మన గడప బయట కూడా కొందరున్నారు. మీ ఇంటికి పార్శిల్ తెచ్చే కుర్రాడు, మీ ఇల్లు కడుతున్న మేస్త్రీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. తెలంగాణలో 2018లో మొదలైన ‘కంటి వెలుగు’ చదువుకునే అద్దాలను ఊరూరికీ ఉచితంగా చేర్చింది. అద్దాలు విలాసం కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. ఎండలో పనిచేయించే సంస్థలు టీషర్టు, హెల్మెట్‌తో పాటు ఒక జత సేఫ్టీ గ్లాసెస్ కూడా ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. అవి ఇచ్చేదాకా, మనకు చేతనైతే ఒక జత మనమే ఇవ్వొచ్చు.

ఒక హెచ్చరిక. చలువ అద్దాలు రాబోయే నష్టాన్ని తగ్గిస్తాయే గానీ వచ్చిన జబ్బును నయం చేయవు. చూపు మసకబారినా, కంట్లో కండ పెరుగుతున్నట్టున్నా, ఎరుపు తగ్గకపోయినా మందుల షాపు చుక్కలతో సరిపెట్టుకోకుండా కంటి డాక్టర్‌కు చూపించండి. గ్రహణాన్ని ఈ అద్దాలతో ఎప్పుడూ చూడొద్దు.

కొత్తవి కొనేముందు ఇంట్లో సొరుగుల్లో పడి ఉన్న పాత జతలన్నీ ఒక సంచీలో వేసుకుని దగ్గర్లోని కళ్లద్దాల దుకాణానికి వెళ్లి మీటర్ మీద పెట్టించండి. నెగ్గినవాటిని ఎండలో తిరిగేవాళ్లకు ఇవ్వండి. నెగ్గనివాటిని పడేయండి. అలా చూస్తే, ఈ వేసవికి మీరు కొత్తగా కొనాల్సింది ఒక్క జతే కావచ్చు.