చక్రం చూసి మురిసిపోతే చాలదు!

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడొకడు సెకండ్‌హ్యాండులో బుల్లి స్పోర్ట్స్ కారు కొన్నాడనుకోండి. మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5. రెండే సీట్లు, పైకప్పు మడిచేస్తే నెత్తిమీద ఆకాశం! కొన్న వారానికే అతడి కళ్లు చక్రాల మీద పడతాయి. 14 అంగుళాల బుజ్జి చక్రాలు... మరీ బొమ్మకారులా లేదూ! దుకాణానికి వెళ్తే గోడనిండా తళతళలాడే అలాయ్ వీల్స్. 17 అంగుళాలవి, గిన్నెలా లోతుగా ఉన్నవి, నల్లవి, బంగారు రంగువి. ఒకటి మనసుకు పట్టిందంటే ఇక మిగతా సంగతులేవీ గుర్తురావు. చిక్కంతా అక్కడే.

చెప్పులు కొనేటప్పుడు ఒక్క సైజు చూసుకుంటే చాలు. చక్రానికి మాత్రం నాలుగైదు కొలతలుంటాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా పోయేది డబ్బు మాత్రమే కాదు.

ఈ కారునే తీసుకుందాం. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. హిరోషిమా ఇంజినీర్లు దానికి పెట్టుకున్న సూత్రం 'జింబా ఇత్తాయి'. రౌతూ గుర్రమూ ఒకే ప్రాణంలా కదలడం అన్నమాట. అందుకే 1.6 లీటర్ల చిన్న ఇంజిను పెట్టారు, బరువును వెయ్యి కిలోల లోపే ఉంచారు. ఆ బుజ్జి చక్రాలు కూడా అందులో భాగమే.

ఎత్తు మారకూడదు

దానికి కంపెనీ ఇచ్చిన టైరు 185/60 ఆర్14. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. రిమ్ము 14 అంగుళాలు. పైనా కిందా పక్కగోడలు కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 578 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు, గేర్లు అన్నీ ఈ ఎత్తును బట్టే పనిచేస్తాయి.

రిమ్ము 15 అంగుళాలకు పెంచి 195/50 టైరు వేస్తే మొత్తం ఎత్తు 576. రెండు మిల్లీమీటర్ల తేడా కూడా లేదు! అదే 17 అంగుళాల రిమ్ముకి 205/40 టైరు వేస్తే 596. మీటరు 100 చూపిస్తుంటే కారు 103 మీద పోతుంటుంది. చిన్న ఇంజినుకు అంత పెద్ద చక్రాన్ని తిప్పడమూ భారమే. పైగా పక్కగోడ 111 నుంచి 82 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. గుంతలో పడితే ఆ దెబ్బ టైరు కాయదు, నేరుగా రిమ్ముకే తగులుతుంది. ఎత్తులో తేడా మూడు శాతం దాటకూడదనేది ఈ పని తెలిసినవాళ్లు పాటించే లెక్క.

ఆఫ్‌సెట్ అంటే...

అసలు కిటుకు ఇక్కడుంది. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. రిమ్ము హబ్బుకి ఆనుకునే భాగం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. రిమ్ము మీద 'ఈటీ' అన్న అక్షరాల పక్కన ఈ అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే చక్రం లోపలికి, చిన్నదైతే బయటికి జరుగుతుంది. సున్నా అయితే హబ్బుకి ఆనేచోటు సరిగ్గా మధ్యగీత మీదే.

ఎంఎక్స్-5 అసలు రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. రెండోతరం కారుకి ఇదే కంపెనీ 15 అంగుళాల చక్రాలు ఇచ్చినప్పుడు వెడల్పు 6 అంగుళాలు, ఆఫ్‌సెట్ 40 చేసింది. లెక్క వేసి చూడండి. బయటివైపు అంచు 11 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. లోపలివైపు ఒక్క మిల్లీమీటరే జరిగింది. ఇంజినీర్లు ఎంత ఆచితూచి అడుగేశారో తెలుస్తోంది కదా!

ఇప్పుడు మన కుర్రాడికి నచ్చిన గిన్నెలాంటి రిమ్ము చూద్దాం. వెడల్పు 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ సున్నా. బయటి అంచు ఏకంగా 77 మిల్లీమీటర్లు, అంటే మూడు అంగుళాలు బయటికి! మలుపులో కారు ఒరిగితే టైరు మడ్‌గార్డు అంచుకి రాసుకుంటుంది. అలా రాసుకుంటూ వేగంగా పోతుంటే ఒకరోజు టైరే కోసుకుపోవచ్చు.

రాసుకోకపోయినా ముప్పు తప్పదు. నిండు బిందెను నడుముకి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా! చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగుల మీద భారం అలాగే పెరుగుతుంది. రోడ్డు మీది ప్రతి గతుకూ స్టీరింగును గుంజుతుంది. రౌతు చేతిలోని కళ్లెం గుర్రం చేతికి వెళ్లినట్టే!

రంధ్రాలు కలిస్తే చాలా?

ఈ కారు హబ్బుకి నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయం మీద ఉంటాయి. దీన్నే 4×100 అంటారు. మన రోడ్ల మీది పాత హోండా సిటీలదీ ఇదే కొలత. ఫియట్ పుంటోది మాత్రం 4×98. రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. బలవంతంగా బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది... ఊడిపోయేదాకా!

మధ్య రంధ్రం మరో సంగతి. ఎంఎక్స్-5 హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే రిమ్ములు చాలా కార్లకు పట్టేలా పెద్ద రంధ్రంతో వస్తాయి. ఆ సందుని నింపే రింగు వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోక, వేగం పెరిగాక స్టీరింగు వణకొచ్చు. నట్టు కూర్చునే చోటు కూడా చూసుకోవాలి. కోసుగా ఉన్నచోట గుండ్రటి నట్టు బిగిస్తే పట్టు దొరకదు, క్రమంగా వదులైపోతుంది.

బరువు మాటేమిటి? చక్రం స్ప్రింగుకి కింద ఉంటుంది. దాని బరువును స్ప్రింగు మోయదు. ఒక్కో చక్రం రెండు మూడు కిలోలు పెరిగినా ఈ తేలికపాటి కారులో వెంటనే తెలిసిపోతుంది. అందుకే రెండు రిమ్ముల్లో ఏది కొనాలో తేలనప్పుడు తేలికైనదే మేలు.

చట్టం కూడా చూస్తుంది

జపాన్‌లో చక్రం మడ్‌గార్డు దాటి పొడుచుకొస్తే తనిఖీలో తిప్పి పంపుతారు. బ్రిటన్‌లో టైరు బాడీకి రాసుకుంటుంటే వార్షిక పరీక్ష తప్పినట్టే. జర్మనీలో ఆమోదపత్రం లేని చక్రాలతో రోడ్డెక్కకూడదు. మన దగ్గరా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుందది.

కొత్త చక్రాలు బిగించాక స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడాలి. పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి గతుకుల మీద మెల్లగా నడపాలి. 50-100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్కు రెంచితో సరిచూడాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది మరొకటుంది. టైరు ఎత్తు, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, బోల్టుల వలయం, మధ్య రంధ్రం... తన కారువి ఈ ఐదు అంకెలూ ఓ కాగితం ముక్క మీద రాసుకోవాలి. దుకాణం మెట్లెక్కేది ఆ తర్వాతే. రంగు గురించి ఆలోచించడానికి అప్పటికీ బోలెడు టైముంటుంది!