మంచుశిల్పం – శిల్పి బాధ్యత

శిల్పమనగానే మనకు స్ఫురించేది శిల. మన శిల్పశాస్త్ర గ్రంథాలు రాతికీ, కొయ్యకూ, లోహానికీ, మట్టికీ నియమాలు చెప్పాయి; మంచుకు చెప్పవలసిన అవసరం వాటికి రాలేదు. ఉలి దించిన నాటితో రాతిశిల్పి పని ముగుస్తుంది. మంచుశిల్పమో, చెక్కడం పూర్తయిన క్షణం నుంచే తన రూపాన్నీ, బరువునూ, నిలకడనూ మార్చుకోసాగుతుంది. కనుక ఉలి దించిన తరువాతనే మంచుశిల్పి బాధ్యత ఎక్కువవుతుందని నా అభిప్రాయం.

ఈ కళకు చైనా ఈశాన్య ప్రాంతంలోని హార్బిన్ నగరం పెట్టింది పేరు. అక్కడ 1963లో మంచుదీపాల వేడుక మొదలైంది. 1985లో అది మంచు ఉత్సవంగా రూపుదాల్చింది. గడ్డకట్టిన సోంగ్‌హువా నది నుంచి కోసి తెచ్చిన దిమ్మలతో అక్కడ భవనాలనే నిలబెడతారు. జనవరి రాత్రులలో సున్నకు ఇరవై డిగ్రీల దిగువకు జారే చలే వాటికి కావలి. అంతటి చలి లేని నగరాలకు ఇదే కళను తెచ్చుకున్నప్పుడు ఆ కావలి పని మనుషులు చేయవలసి ఉంటుంది.

2019 నవంబరు 24న ఐరోపాలోని లక్సెంబర్గ్ నగరంలో, క్రిస్మస్ సంతలో ఒక మంచుశిల్పం కూలి రెండేళ్ల బాలుడు మరణించాడు. వేడుక చూడవచ్చిన పసివాడు! అలంకారమని తలచిన వస్తువు ప్రాణం తీస్తుందని చూడవచ్చినవారు ఊహించలేరు. ఊహించవలసినవారు దానిని నిలబెట్టేవారే.

మంచు నీటిపై తేలుతుంది కాబట్టి తేలికైనదని భ్రమపడతాము. నిజానికి ఒక ఘనపు మీటరు మంచు 917 కిలోలు తూగుతుంది. విందులలో హంసగా చెక్కే దిమ్మ ఒక్కటే సుమారు 136 కిలోలు. ఎండ తగిలిన పక్క, గాలి వీచే పక్క ముందుగా కరుగుతాయి. హంస మెడ వంటి సన్నని భాగం మరింత సన్నబడుతుంది. అడుగున చేరిన నీరు పీఠంపై పట్టు సడలిస్తుంది. ఉదయం నిటారుగా నిలిచిన ప్రతిమ సాయంత్రానికి ఒరిగిపోవచ్చు.

చెక్కేటప్పటి ప్రమాదాలు శిల్పులకు తెలియనివి కావు. శీతల గది నుంచి తెచ్చిన దిమ్మపై వెంటనే ఉలి వేస్తే అది ఫెళ్లున పగులుతుంది. పైనున్న తెల్లని మసక తొలగి, గాజువలె తేటపడే దాకా ఆగాలి. తడినేలపై విద్యుత్ రంపం పట్టడం మృత్యువుతో చెలిమి. చలికి మొద్దుబారిన వేళ్లకు గాయమైన సంగతే వెంటనే తెలియదు. వీటికి చేతి తొడుగులు, కంటి అద్దాలు, కరెంటు లోపం తగిలిన వెంటనే సరఫరా ఆపే మీట ఉన్నాయి. చూడవచ్చినవారికి మాత్రం ఏ తొడుగూ లేదు.

చుట్టూ తాడు కడితే అందం చెడుతుందని నిర్వాహకులు అనవచ్చు. ఈ వాదన నాకు సమ్మతం కాదు. గుడిలోని మూలవిరాట్టును గడప ఇవతల నుంచే దర్శిస్తాము. అందువల్ల అందం తరిగిందని ఎవరూ అనలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదవబోయే మీలో కొందరు రేపు ఈ విద్య నేర్వవచ్చు. మన వేసవి విందులో మంచుహంసను నిలిపితే, దాని ఎత్తుకు మించిన దూరంలో తాడు కట్టాలి. కరిగే తీరును కనిపెట్టి ఉండే మనిషిని ఒకరిని నియమించాలి. ఏ గంటకు తొలగించాలో ముందే నిర్ణయించుకొని, అతిథులు ఇంకా ఫొటోలు తీసుకుంటున్నా సరే, ఆ గంటకు తొలగించాలి.